వావిలాకు నీళ్ళు, ఐసు డ్రమ్ము

హార్బరులో ఐసు అమ్మే అతను నన్ను మొదటిసారి చూసినప్పుడు "ఏటి మేడమ్, ఇంట్లో పెళ్ళా?" అని అడిగాడు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, చెమటకి తడిసి ముద్దయిన టీషర్టుతో, స్కూటీ ముందు గోనెసంచి పరుచుకుని పాతిక కేజీల ఐసు కావాలన్న ఆడమనిషిని ఇంకేం అడుగుతాడు. పెళ్ళి కాదు బాబూ, కాళ్ళు పెట్టుకోడానికి అన్నాను. దిమ్మని కొక్కెంతో లాగుతున్నవాడల్లా ఆగి, "పెడితే ఏటవుద్ది?" అన్నాడు.

నొప్పులు తగ్గుతాయట అన్నాను. ఆ "అట" నాకే నచ్చలేదు. హైస్కూల్లో పదో తరగతికి ఫిజిక్స్ చెప్తాను. పిల్లలు "అట" అంటే ఎవరన్నారు, ఎలా తెలిసింది అని నిలదీస్తాను. అలాంటిది, పరిగెత్తే గ్రూపులో ఎవరో అన్నారని, టీవీలో క్రికెటర్లు ఐసు తొట్టిలో కూర్చోవడం చూశానని, పాతిక కేజీల ఐసు మోసుకొచ్చేశాను. ఇది జరిగి మూడేళ్ళు దాటింది. అతని ప్రశ్నకి నాకు దొరికినంత జవాబు ఇక్కడ రాసిపెడుతున్నాను.

నేను పరుగు మొదలుపెట్టింది ముప్పై తొమ్మిదో ఏట. ఇప్పుడు నలభై నాలుగు. మాది పెదవాల్తేరు. వారంలో నాలుగు రోజులు బీచ్ రోడ్డు, ఆదివారం మాత్రం దూరం. నెలకోసారి సింహాచలం మెట్లు. అసలు నొప్పుల సంగతి నాకు తెలిసింది ఆ మెట్ల దగ్గరే. వెయ్యికి పైగా మెట్లు. ఎక్కేటప్పుడు గుండె నోట్లోకొస్తుంది. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, కబుర్లు చెప్పుకుంటూ దిగిపోతాం. కానీ మర్నాడు స్కూల్లో బల్లమీద నుంచి లేవలేనిది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ ముందుభాగంలో కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క మన బరువుని పట్టి ఆపుతూ ఉంటుంది. సాగుతూ బిగించాల్సిన పనే కండరానికి అన్నిటికంటే దెబ్బ. లోపలి సన్న పోగులు అక్కడక్కడ చిట్లుతాయి, వాటిని బాగుచేసుకోడానికి ఒళ్ళు నీరూ రక్తకణాలూ పంపుతుంది, కండరం బిగుసుకుంటుంది. అందుకే ఆ నొప్పి వెంటనే రాదు. మర్నాడు మొదలై రెండో రోజుకి ముదిరి, మూడు నాలుగు రోజులకి దిగుతుంది.

నేను కొన్నాళ్ళు వెళ్ళిన జిమ్‌లో ట్రైనరు "లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయింది మేడమ్, ఐసు పెడితే కరిగిపోతుంది" అనేవాడు. మంచి కుర్రాడే, అతనికి ఎవరో అలా చెప్పారు. కానీ పరుగు ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో ఆ ఆసిడ్, అంటే లాక్టేటు, మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు నొప్పికి గంటలోనే వెళ్ళిపోయిన పదార్థం ఎలా కారణమవుతుంది? ఈ ఒక్క మాట మన దగ్గర ప్రతి మైదానంలోనూ ఇంకా తిరుగుతూనే ఉంది, వినబడ్డ ప్రతిసారీ సరిదిద్దాలనిపిస్తుంది.

మా అత్తయ్యకి ఈ ఐసు వ్యవహారం మొదట్నించీ నచ్చలేదు. ఆవిడది భీమిలి దగ్గర పల్లె. ఒళ్ళు నొప్పులంటే ఆవిడకి తెలిసిన మందు వేణ్ణీళ్ళే. పెరట్లో గోడవార వావిలి చెట్టు ఉంది. రెండు గుప్పెళ్ళ ఆకు దూసి, గుండిగలో నీళ్ళు పోసి మరిగిస్తే ఇల్లంతా ఒక ఘాటు వాసన పట్టుకుంటుంది. బాలింతలకి పోసేదీ అదే, నాట్లేసి వచ్చినవాళ్ళు పోసుకునేదీ అదే. ఎండలో పరిగెత్తొచ్చి వేడి వేడి ఒంటి మీద ఐసు నీళ్ళంటే ఆవిడ గుండెలు బాదుకుంది. "వాతం కమ్మీసి కాళ్ళు పడిపోతాయమ్మా. నువ్వు సదువుకున్నదానివి, నీకు నేను సెప్పాలా?" అంది. నేను వినలేదు.

మొదటిరోజు జరిగింది చెప్తాను. మా ఇంట్లో నీళ్ళు పట్టుకునే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది, రెండు వందల లీటర్లది. మూడొంతులు నీళ్ళు నింపి తెచ్చిన ఐసంతా పగలగొట్టి అందులో పోశాను. చాలదేమోనని ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన సీసాలూ వేశాను. చలికాలం పొద్దున్న కదా, నీళ్ళు అప్పటికే చల్లగా ఉన్నాయి. స్టూలు ఎక్కి డ్రమ్ములోకి దిగాను. ఊపిరి ఆగిపోయింది. నిజంగానే, లోపలికి పీల్చిన గాలి బయటికి రాలేదు. ఆ తర్వాత కుక్కలా రొప్పడం. చలి శరీరానికి కొట్టే మొదటి దెబ్బ అది. రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుందని, అందుకే గుండె దాకా ఒక్కసారిగా మునగకూడదని తర్వాత చదువుకున్నాను. నేను నడుం దాకే దిగాను కాబట్టి సరిపోయింది. మూడో నిమిషానికి మంట, ఆరో నిమిషానికి తిమ్మిరి, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే మంచి లక్షణం అనుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను. బయటికి అడుగేస్తే పాదం నేల మీద ఉందో లేదో తెలియలేదు. జారి మోచెయ్యి గచ్చుకి కొట్టుకుంది. అసలు వణుకు అప్పుడు మొదలైంది. దుప్పటి కప్పుకున్నా పళ్ళు టకటకమంటూనే ఉన్నాయి. కాళ్ళలో చల్లబడ్డ రక్తం పైకొచ్చి ఒళ్ళంతా చల్లబరచడం అది. నీళ్ళలోంచి బయటికొచ్చాక కూడా కాసేపు లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. అత్తయ్య ఒక్క మాట అనకుండా మోచేతికి పసుపు పెట్టి, అల్లం టీ చేసిచ్చింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

స్కూల్ ల్యాబులో వాడే థర్మామీటరు లాంటిది ఒకటి మర్నాడే కొన్నాను. అదే కొలతతో మళ్ళీ కలిపి చూస్తే నీళ్ళు 8 డిగ్రీల దగ్గర ఉన్నాయి. పరిశోధనల్లో ఎక్కువగా వాడేది 10 నుంచి 15 డిగ్రీలు, పది నుంచి పదిహేను నిమిషాలు. అంతకంటే చల్లన చేస్తే అంతకంటే మేలు జరుగుతుందని కాదు.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటి ఉంది, పిల్లలకి కూడా ఇదే చెప్తున్నాను. ఒక గ్రాము ఐసు కరగాలంటే 80 కేలరీలు కావాలి. పుస్తకంలో ద్రవీభవన గుప్తోష్ణం అని బట్టీ పడతారే, అదే. కరిగిన ఆ గ్రాము నీరు సున్నా నుంచి 14 డిగ్రీలకి రావడానికి ఇంకో 14 కేలరీలు. అంటే ఒక్కో గ్రాము ఐసు మొత్తం 94 కేలరీల వేడి లాక్కుంటుంది. నా డ్రమ్ములో 150 లీటర్ల నీళ్ళు, రాత్రి నీడలో పెడితే పొద్దున్నకి 28 డిగ్రీలు. 14కి దించాలంటే 150ని 14తో హెచ్చవేసి 94తో భాగించాలి. 22 కేజీలు చిల్లర. మే నెలలో ట్యాంకు నీళ్ళు 34 ఉంటే అదే డ్రమ్ముకి దాదాపు 32 కేజీలు. చలికాలంలో ఇందులో సగంతోనే పనైపోవచ్చు. ఫ్రిజ్‌లో ట్రే ఐసుతో ఈ పని జరగదని, ఐసు తెచ్చేముందు నీళ్ళని కొలవాలని ఈ లెక్కే చెప్తుంది. నా మొదటి రోజు దెబ్బంతా కొలవకపోవడం వల్లే. ఇంకోటి, కుల్ఫీ బండివాళ్ళలా ఐసులో ఉప్పు కలపకండి. ఉప్పు కలిస్తే నీరు సున్నాకి దిగువకి పోతుంది. కుల్ఫీకి కావలసింది అదే, చర్మానికి మాత్రం అది గాయం.

సముద్రం పక్కనే ఉందిగా, అందులో నిలబడొచ్చుగా అని చాలామంది అడిగారు. మన బంగాళాఖాతం వెచ్చటి సముద్రం. విశాఖ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళు 26 నుంచి 30 మధ్య ఉంటాయి. ఒంటికి హాయి, కానీ ఇది వేరే సంగతి. మన జిల్లాల్లో ఐసు లేకుండా ఆ చల్లదనం నాకు దొరికింది ఒక్క లంబసింగిలో, డిసెంబరు తెల్లవారుజామున. అక్కడ తొట్టిలో నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి.

కొలిచి చేయడం మొదలుపెట్టాక 14 డిగ్రీలు, పన్నెండు నిమిషాలు అలవాటైంది. నీళ్ళలో నిలబడ్డప్పుడు రెండు పనులు జరుగుతున్నాయి. ఒకటి చలి. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, నరాలు నొప్పి కబురు మోసే వేగం తగ్గుతుంది. నీరు గాలి కంటే దాదాపు ఇరవై అయిదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి ఏసీ గదిలో కూర్చోవడానికీ దీనికీ పోలిక లేదు. రెండోది నీటి ఒత్తిడి. దీన్ని చాలామంది పట్టించుకోరు. 80 సెంటీమీటర్ల లోతులో పాదాల మీద పడే అదనపు ఒత్తిడి 59 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. బీపీ పట్టీ కొంచెం బిగించినట్టే. కాళ్ళలో చేరిన నీరుని అది పైకి నెడుతుంది. ఇది మామూలు చన్నీళ్ళలోనూ జరుగుతుంది, ఐసే అక్కర్లేదు.

నొప్పి తగ్గిందా? తగ్గింది. సోమవారం మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకునే అవసరం తగ్గింది. కానీ అది ఐసు వల్లేనని ఎలా తెలుస్తుంది? దానికే నాలుగు వారాలు నా పిక్కల మీద నేనే ప్రయోగం చేసుకున్నాను. ఆదివారం సాయంత్రం మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమల్ని మెల్లగా కిందికి దించడం, ఒక్కో కాలికి అరవైసార్లు. తర్వాత ఒక కాలు మోకాలి దాకా 14 డిగ్రీల నీళ్ళ బకెట్టులో, రెండోది బయట. వారం మారితే కాలు మారుస్తాను. సోమ, మంగళ, బుధ వారాల్లో పొద్దునా సాయంత్రం ఒక్కో పిక్కకి పదికి ఎంత నొప్పో రాసుకున్నాను. మంగళవారం ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలుగుతున్నానో లెక్కపెట్టాను. ఇదంతా నా టీచింగ్ డైరీ వెనక పేజీల్లో ఇప్పటికీ ఉంది.

మొదటి వారం ఐసు పెట్టని కాలికి ఏడు, పెట్టిన కాలికి ఐదు. రెండో వారం ఐదున్నర, నాలుగు. మూడో వారం నాలుగు, మూడు. నాలుగో వారం మూడు, రెండున్నర. ప్రతి వారం చల్లపెట్టిన కాలు కాస్త నయం. మడమ ఎత్తడంలో మాత్రం రెండు కాళ్ళూ సమానం, ఒకటీ రెండూ తేడా. అంటే నొప్పి తగ్గింది కానీ బలం తొందరగా తిరిగి రాలేదు. ఆ అంకెలు చూస్తూ కూర్చుంటే ఇంకో సంగతి కనబడింది, అప్పటి దాకా నేను వెతకనిది. ఐసు వల్ల వచ్చిన తేడా అర నుంచి రెండు. ఐసు పెట్టని కాలికి కూడా ఏడు కాస్తా మూడయింది. ఆ నాలుగు మార్కులు తగ్గించింది ఐసు కాదు, అలవాటు. ఒకసారి దెబ్బతిన్న కండరం అదే పని మళ్ళీ వస్తే తట్టుకునేలా తనని తాను సిద్ధం చేసుకుంటుంది. ఒక్క వారం చాలు దానికి. ఆ రాత్రి నాకు కలిగిన ఆనందం నిజంగా చెప్పలేను. ఒళ్ళు నేర్చుకుంటోంది, నేను కూడా చూడకుండానే నేర్చుకుంటోంది.

ఇది నా ఒక్కదాని కాళ్ళ లెక్క, పైగా ఏ కాలు చల్లపెట్టానో నాకు తెలుసు. తెలిసినప్పుడు మనసు కూడా మార్కులు వేస్తుంది. ఈ చిక్కుని ఆస్ట్రేలియాలో పరిశోధకులు 2014లో చాలా తెలివిగా పట్టుకున్నారు. ముప్పై మంది మగవాళ్ళ చేత ఆయాసం వచ్చేలా సైకిలు తొక్కించి, కొందరిని 10 డిగ్రీల నీళ్ళలో, కొందరిని ఒంటి వేడికి దగ్గరగా ఉండే గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. గోరువెచ్చని నీళ్ళ వాళ్ళలో ఒక గుంపుకి ఆ నీళ్ళలో కండరాలు కోలుకునే ప్రత్యేకమైన నూనె కలిపామని చెప్పారు. నిజానికి కలిపింది ఒంటికి రాసుకునే సబ్బు లాంటిది. ఆ నూనెని నమ్మినవాళ్ళు ఐసులో కూర్చున్నవాళ్ళంత బాగానూ కోలుకున్నారు. ఇది చదివాక ఐసుని తీసిపారేయాలని నాకనిపించలేదు. నమ్మకంతో తగ్గిన నొప్పి కూడా తగ్గిన నొప్పే. కానీ అత్తయ్య వావిలాకు నీళ్ళని మాత్రం ఇంకో కళ్ళతో చూడడం మొదలుపెట్టాను. వేడి, వాసన, పోసే చెయ్యి, ఇవన్నీ కలిసి చేసే పని తక్కువదేం కాదు.

2012లో అప్పటిదాకా జరిగిన చిన్న చిన్న ప్రయోగాలు పదిహేడింటిని, 366 మంది వివరాలతో కలిపి చూసిన ఒక సమీక్ష కూడా ఊరికే కూర్చోవడంతో పోలిస్తే చన్నీళ్ళ వల్ల తర్వాతి రోజుల నొప్పి తగ్గుతుందనే తేల్చింది. నొప్పి వరకూ నాకు అనుమానం లేదు. అనుమానం వచ్చింది ఇంకోచోట.

నా పాత విద్యార్థిని ఒకమ్మాయి బరువులెత్తుతుంది. విజయనగరం పక్క కొండవెలగాడ నుంచి వెయిట్‌లిఫ్టర్లు వరసగా రావడం చూసి ఉత్తరాంధ్ర ఆడపిల్లలు చాలామంది ఈ ఆటలోకి వస్తున్నారు. ఆ పిల్ల నా డ్రమ్ము ఫోటో చూసి, "నేనూ రోజూ స్క్వాట్లు అయ్యాక చేస్తాను మేడమ్" అని మెసేజ్ పెట్టింది. సరే అనేదాన్నే. జవాబు రాసేముందు చదువుదామని చదివాను, ఆగిపోయాను. 2015లో ఆస్ట్రేలియాలోనే ఇంకో బృందం ఇరవై ఒక్క మంది చేత పన్నెండు వారాలు, వారానికి రెండుసార్లు కాళ్ళకి బరువుల సాధన చేయించింది. సగం మంది ప్రతిసారీ తర్వాత పది నిమిషాలు 10 డిగ్రీల నీళ్ళలో. మిగతా సగం మెల్లగా సైకిలు తొక్కారు. చివరికి సైకిలు వాళ్ళకే కండ ఎక్కువ పెరిగింది, బలం ఎక్కువ పెరిగింది. బరువులెత్తాక లోపల వచ్చే వాపూ, ఆ హడావిడీ పనికిమాలినవి కావు. కండ పెంచమని ఒళ్ళు తనకి తాను పంపుకునే కబురు అది. ప్రతిసారీ చల్లార్చేస్తే ఆ కబురు సగంలోనే ఆగిపోతుంది. "వద్దమ్మా, నువ్విది చెయ్యకు. పోటీలో ఒకే రోజు రెండుసార్లు దిగాల్సొస్తే చూద్దాం" అని రాశాను. నేను కూడా ఆ వారం నుంచి బరువుల రోజు డ్రమ్ము జోలికి పోవడం మానేశాను. గాయాలకి ఐసు పెట్టమని 1978లో చెప్పి ప్రపంచమంతటికీ అలవాటు చేసిన అమెరికన్ డాక్టరు గేబ్ మిర్కినే 2014లో తన మాట మార్చుకున్నారు, ఐసు పెడితే గాయం మానడం ఆలస్యం కావచ్చని రాశారు. ముప్పై ఆరేళ్ళ తర్వాత తన పేరు మీద నడుస్తున్న మాటని తనే కాదనుకోవడం చిన్న విషయం కాదు. ఆయనంటే నాకు గౌరవం అక్కడే.

అయితే డ్రమ్ము ఎప్పుడు? రేపు మళ్ళీ కాళ్ళు కావలసినప్పుడు. టోర్నమెంట్లలో పొద్దున్నా సాయంత్రం కబడ్డీ ఆడేవాళ్ళకి, వరసగా మ్యాచులుండే బ్యాడ్మింటన్ పిల్లలకి, ఇవాళ హీట్సు రేపు ఫైనలు ఉన్నవాళ్ళకి. 2002లో మ్యూనిక్‌లో యూరోపియన్ పోటీల్లో పది వేల మీటర్లు గెలిచిన పౌలా రాడ్‌క్లిఫ్ ఐసు స్నానాల గురించి చెప్పాకే పరిగెత్తేవాళ్ళలో ఇది ఇంతగా పాకింది. ఆమె చేసినదాని వెనక పోటీల క్యాలెండరు ఉంది. నాకు ఏడాదిలో అలాంటి రోజులు ఐదో ఆరో వస్తాయి. వాటికి ఐసు తెచ్చుకుంటాను. మిగతా ఆదివారాలు పదిహేను నిమిషాలు మెల్లగా నడిచి, కడుపునిండా పప్పన్నం, గుడ్డు తిని, మధ్యాహ్నం గంట పడుకుంటాను. నిద్రకి సాటొచ్చే మందు నాకు ఇంతవరకూ దొరకలేదు.

కానీ డ్రమ్ముని అమ్మేయలేదు, అమ్మను కూడా. ఒక్క విషయంలో చన్నీళ్ళకి తిరుగులేదు, అది వడదెబ్బ. ఎండలో గట్టిగా పరిగెత్తుతూ మనిషి తూలిపోయి, పిచ్చిమాటలు మాట్లాడుతూ పడిపోతే అది అలసట కాదు, మెదడు ఉడికిపోతోందని అర్థం. అక్కడికక్కడే మెడ దాకా ఐసు నీళ్ళలో ముంచి, తల పట్టుకుని, ముందు చల్లబరచి తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఫాల్మత్‌లో వేసవిలో జరిగే పరుగు పందెంలో పద్దెనిమిదేళ్ళలో 274 మందికి ఇలా వడదెబ్బ తగిలితే, ముగింపు గీత దగ్గరే ఐసు తొట్లు పెట్టుకున్నందువల్ల 274 మందీ బతికారు. ఉక్కపోతకి పేరుపడ్డ మన తీరంలో నేను వెళ్ళిన ఒక పరుగులో అంబులెన్సు ఉంది, గ్లూకోజు ఉంది, ఐసు నీళ్ళ తొట్టి మాత్రం లేదు. నిర్వాహకులని అడిగితే ఖర్చన్నారు. పాతిక కేజీల ఐసు ఖరీదు నాకు తెలుసు కాబట్టి ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా గ్రూపు దూరం పరిగెత్తే రోజున నా డ్రమ్ము, రెండు గోనెసంచుల ఐసు, ఒక పెద్ద టార్పాలిన్ ఆటోలో వస్తాయి. ఇంతవరకూ వాడాల్సిన అవసరం రాలేదు. రాకూడదనే కోరుకుంటాను.

ఈ ఆషాఢంలో పౌర్ణమి ముందురోజు అత్తయ్యతో కలిసి గిరిప్రదక్షిణకి వెళ్ళాను. సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఆవిడకి అరవై ఏడు. కొండ మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరాం. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాటి అప్పుఘర్ దగ్గర అందరితో పాటు సముద్రంలో స్నానం చేశాం. దారి పొడుగునా పులిహోర, మజ్జిగ ఇచ్చే చేతులు. సీతమ్మధార దాటేసరికి వాన. నేను అరికాళ్ళ నొప్పులు లెక్కపెట్టుకుంటుంటే ఆవిడ పక్కన ఎవరో ముసలమ్మ చెయ్యి పట్టుకుని గోవిందా గోవిందా అంటూ నడుస్తోంది. గోపాలపట్నం దాటి మళ్ళీ పావంచా దగ్గరికి చేరేసరికి తెల్లవారుజాము మూడయింది.

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. పిక్కలు రాయిలా ఉన్నాయి. కాసేపటికి తలెత్తి, "ఆ ఐసు నీళ్ళల్లో నన్నూ నిలబెట్టమ్మా ఓపాలి. నీకు పనిసేస్తే నాకు సెయ్యదా?" అంది.

మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట. కానీ ఆవిడకి పదేళ్ళుగా బీపీ, రెండు మాత్రలు వేసుకుంటుంది. చన్నీళ్ళలో దిగగానే నాళాలన్నీ ముడుచుకుని బీపీ ఎగుస్తుంది, గుండె మీద భారం పడుతుంది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు, చలికి వేళ్ళు తెల్లబడిపోయేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దీనికి దిగకూడదు. అదే చెప్పాను. "వద్దత్తయ్యా. మీకు బీపీ. మీకు ఐసు పెడితే నాకు భయం."

"మరి నాకేటి?" అంది చిన్నపిల్లలా.

పడుకోమన్నాను. సాయంత్రం నేనే పెరట్లోకెళ్ళి వావిలాకు దూశాను. వానకి చెట్టంతా తడిసి ఉంది, ఆకు తుంపుతుంటేనే వేళ్ళకి వాసన పట్టింది. గుండిగ పొయ్యి మీద పెట్టి, నీళ్ళు ఆకుపచ్చగా మారేదాకా మరగనిచ్చి, చన్నీళ్ళతో తొరిపి, వేడి ఎంతుందో చేత్తో చూశాను. అలవాటు కొద్దీ థర్మామీటరు కూడా పెట్టాను, 39. ఆవిడని నూతిచపటా మీద పీట వేసి కూర్చోబెట్టి, చీర మోకాళ్ళ దాకా మడిచి, పిక్కల మీద చెంబుతో పోశాను. కళ్ళు మూసుకుంది. మూడు చెంబులయ్యాక నా చేతిలోంచి చెంబు తీసుకుని, "నువ్వూ నడిసేవు కదా, కాళ్ళు ఇలా పెట్టు" అంది.

పక్కనే డ్రమ్ము, వాననీళ్ళు సగం నిండి, మూత లేకుండా ఉంది.